వరదలకు ముందు సోలార్ పవర్ బ్యాంకు: లంక ఊళ్లవాళ్లు చూసుకోవాల్సినవి

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారనగానే లంకల్లో, అంటే గోదావరి పాయల మధ్య ఊళ్లలో, ఎవరూ చెప్పకుండానే పనులు మొదలవుతాయి. పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలడం, బియ్యం మూటలు అటకెక్కించడం, గ్యాస్ బండను కట్టేయడం. ఫోన్ ఛార్జింగ్ సంగతి మాత్రం కరెంటు పోయాకే గుర్తొస్తుంది. అప్పుడిక ఎవరింట్లో ఇన్వర్టర్ ఉందో, ఎవరి ట్రాక్టర్ బ్యాటరీకి వైర్లు తగిలించవచ్చో వెతుక్కోవడమే.

వరదలో కరెంటు పోవడం చాలాసార్లు లోపం కాదు. నీళ్లు ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దాకా వస్తే సరఫరా వాళ్లే ఆపేస్తారు, ఆపేయాలి కూడా. నీళ్లు తీసి, లైన్లు చూసి మళ్లీ ఇచ్చేదాకా మన దగ్గరున్న దానితోనే గడవాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన ఆ వారాన్ని ఏ లంకవాణ్ని అడిగినా చెబుతాడు.

అందుకని ఈమధ్య చాలా ఇళ్లలో సోలార్ పవర్ బ్యాంకులు కనిపిస్తున్నాయి. మంచిదే. కాకపోతే ఎండ ఉంది కదా, అదే నిండుతుందిలే అనే ధీమాతో కొంటున్నారు. చిక్కంతా అక్కడే.

మూత మీది పలకను నమ్ముకోవద్దు

పవర్ బ్యాంకు మూత మీద ఉండే నల్ల పలక అరచేయంత ఉంటుంది. మిట్టమధ్యాహ్నం మబ్బు లేని ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు. అరచేయంత జాగాలో పడేది పది వాట్లు, అందులో పలక కరెంటుగా మార్చేది దాదాపు ఐదో వంతు. అంటే గట్టిగా ఎండ కాస్తే ఒకటిన్నర, మహా అయితే రెండు వాట్లు. ఇక పెట్టె మీద 20000 ఎంఏహెచ్ (బ్యాటరీ ఎంత పట్టుతుందో చెప్పే అంకె) అని ఉంటే, బ్యాటరీ 3.7 వోల్టులు కాబట్టి, అందులో పట్టేది 74 వాట్ అవర్లు, అంటే ఒక వాటు చొప్పున 74 గంటలు వాడుకునేంత కరెంటు. రోజుకు ఐదు గంటలు మంచి ఎండ దొరికినా నిండడానికి ఎనిమిది నుంచి పది రోజులు, మధ్యలో పోయే నష్టాలు కలుపుకుంటే ఇంకా ఎక్కువే. ముసురు పట్టిందంటే ఆ కాస్తలో పదో వంతో, ఐదో వంతో వస్తుంది. వరదొచ్చేది ముసురులోనే కదా.

కాబట్టి దాన్ని మామూలు పవర్ బ్యాంకులాగే ప్లగ్గుకు పెట్టి ముందే నింపుకోండి. ఎప్పుడు? భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులకు, రెండోది 48కి, మూడోది 53కి ఇస్తారు. అక్కడ పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి ఒక రోజు అటూఇటూ పడుతుంది. ధవళేశ్వరంలో హెచ్చరికలు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులకు. భద్రాచలం 43 అన్న వార్త వినగానే ఇంట్లో ఉన్న ప్రతి పవర్ బ్యాంకూ, టార్చీ, ఫోనూ ప్లగ్గుల్లో ఉండాలి. ధవళేశ్వరం హెచ్చరిక దాకా ఆగితే, కాజ్‌వే మునిగే ఊళ్లకు వ్యవధి చాలదు. 20000 ఎంఏహెచ్ బ్యాంకు మామూలు 10 వాట్ల ఛార్జర్‌తో నిండడానికి తొమ్మిది పది గంటలు తీసుకుంటుంది. ఒక రాత్రి పోయినట్టే.

ఎండతోనే నింపాలనుకునేవాళ్లు విడిగా మడతపెట్టే సోలార్ పలక కొనుక్కోవడం మేలు. 20 వాట్లని రాసి ఉన్నది మంచి ఎండలో 12, 14 వాట్లు ఇస్తే సంతోషించాలి. అయినా మూత పలకకు అది ఏడెనిమిది రెట్లు. ఇంకో లాభం, పలక ఎండలో ఉంటుంది, బ్యాంకు నీడలో ఉంటుంది. ఇది చిన్న విషయం కాదు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జింగ్ చేయకూడదు. నల్లటి ప్లాస్టిక్ డబ్బాని ఏప్రిల్, మే ఎండలో డాబా మీదో రేకు మీదో పెట్టి చూడండి, చెయ్యి పెట్టలేరు. పలకనీ బ్యాటరీనీ ఒకే డబ్బాలో అతికించి ఎండలో పెట్టమనడం నా లెక్కలో తయారీదారు తెలివితక్కువతనమే. ఆటో అద్దం వెనకాల, పడవ ముందు చెక్క మీద వదిలేయడం కూడా అంతే. అలా నాలుగు వేసవులు కాగితే ఉబ్బడం ఖాయం.

కోనసీమలో మరో ఇబ్బంది కొబ్బరి నీడ. పలకలోని గడులు ఒకదాని వెంట ఒకటి వరసగా కలిపి ఉంటాయి. ఒక్క గడి మీద ఆకు నీడ పడినా వరసంతా నీరసిస్తుంది. పలక సగం ఎండలోనే ఉందిగా అని ఊరుకుంటే సగం కూడా రాదు. మట్ట నీడ చూడ్డానికి సన్నగా ఉన్నా గంటకోసారి జరుగుతుంది, కాబట్టి తోటలో కాకుండా చెరువు గట్టు మీదో, ఏటిగట్టు మీదో, డాబా మీదో పెట్టండి. జులై, ఆగస్టుల్లో మనకు మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, పలక చదునుగా పడుకోబెడితే చాలు. అదే నవంబరు తుపాన్ల రోజుల్లో దక్షిణం వైపు వాల్చాలి, 30 డిగ్రీలకు కాస్త పైనే. 1996 నవంబరు 6 నాటి తుపాను తర్వాత కోనసీమ ఎన్ని రోజులు చీకట్లో ఉందో పెద్దవాళ్లకు తెలుసు. ఆ నెలల్లో పలక వాల్చి పెట్టడం తెలిసి ఉండాలి.

ఎన్ని ఛార్జింగులు వస్తాయి

బ్యాంకులోని 3.7 వోల్టుల్ని 5 వోల్టులుగా మార్చడంలో, వైర్లలో, వేడిలో కొంత పోతుంది. 74 వాట్ అవర్లలో ఫోన్లకు చేరేది 45, 50 అనుకోండి. 5000 ఎంఏహెచ్ స్మార్ట్‌ఫోన్‌కు దాదాపు 19 కావాలి. అంటే రెండున్నర సార్లు. నలుగురున్న ఇంట్లో నాలుగు ఫోన్లు పెడితే రెండో రోజుకు అయిపోతుంది.

కీప్యాడ్ ఫోనుకు మాత్రం నాలుగు వాట్ అవర్లలోపే చాలు, పదిసార్లకు పైనే నింపుకోవచ్చు. ఇంటికొక కీప్యాడ్ ఫోను అటక మీద ఉంచమని నేను అందరికీ చెబుతాను. అయితే రెండు మెలికలున్నాయి. జియో సిమ్ మామూలు 2జీ కీప్యాడ్ ఫోనులో పనిచేయదు, 4జీ కీప్యాడ్ ఉండాలి. ఇంకోటి, కీప్యాడ్ ఫోను తీసుకునే కరెంటు మరీ తక్కువ కాబట్టి కొన్ని పవర్ బ్యాంకులు ఏమీ తగల్లేదనుకుని కాసేపటికే ఆగిపోతాయి. మీది ఆగుతుందో లేదో ఇప్పుడే, ఎండ ఉన్న రోజునే చూసుకోండి.

స్మార్ట్‌ఫోనే దిక్కయినప్పుడు సిగ్నల్ లేకపోతే ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయాలి. టవర్ కోసం వెతుక్కుంటూ ఫోను బ్యాటరీని తాగేస్తుంది. టవర్‌కు కూడా జనరేటర్‌లో డీజిల్ ఉన్నంతసేపే సిగ్నల్. గంటకోసారి తెరిచి, 112, 108, పంచాయతీ వాళ్ల నంబరు, అవతలి ఊళ్లో ఉన్న బంధువు నంబరు చూసుకుని, మళ్లీ మూసేయడం. ఆ నంబర్లు కాగితం మీద రాసి పవర్ బ్యాంకుకే రబ్బరు బ్యాండుతో చుట్టండి. వరద వీడియోలు తీసి గ్రూపుల్లో పెట్టే పని అవతలి గట్టు వాళ్లకు వదిలేయండి.

నీళ్లు, ఉప్పు, నిప్పు

పడవ ఎక్కేటప్పుడు జేబులో వద్దు. జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మరమూత గట్టిగా ఉన్న ఖాళీ డబ్బాలో వేయండి. డబ్బాలో ఉండగా ఛార్జింగ్ మాత్రం పెట్టకూడదు, వేడి బయటికి పోదు. ‘వాటర్‌ప్రూఫ్’ అని పెట్టె మీద రాసి ఉన్నా రబ్బరు మూత తెరిచి ఉన్నంతసేపు అది చినుకుకు కూడా ఆగదు.

తడిసిన బ్యాంకును బియ్యంలో పెట్టి ఆరబెడితే సరిపోతుందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. బియ్యం పాడవడం తప్ప ఏమీ జరగదు. పూర్తిగా మునిగిన బ్యాంకును ఆరాక కూడా ఛార్జింగ్ పెట్టొద్దు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పునీళ్లలో పడితే మరీ ప్రమాదం. ఉప్పు లోపల తీగల్ని కలిపేస్తుంది, గంటలో ఏమీ కాకపోయినా రెండు రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ముగిశాక వరసగా సముద్రంలోకి వెళ్లేవాళ్లు టైప్-సి రంధ్రం దగ్గర తెల్లగా పొడి పేరిందేమో ముందు చూసుకోవాలి. పేరితే ఆ బ్యాంకు వేటకు పనికిరాదు.

ఉబ్బినట్టున్నా, సన్నగా బుస్సుమన్నా, పెయింటు లాంటి తియ్యటి వాసన వచ్చినా వెంటనే తీసి ఆరుబయట మట్టి మీద పెట్టి దూరంగా జరగండి. పొగ పీల్చొద్దు. ప్లగ్గులో ఉంటే ముందు స్విచ్ ఆపాలి. కరెంటుతో సంబంధం లేని చిన్న బ్యాంకు అంటుకుంటే దూరం నుంచి నీళ్లు ధారాళంగా కుమ్మరించడమే దారి, మంట ఆరడం ఒక్కటే చాలదు, లోపల చల్లబడాలి.

పునరావాస కేంద్రంలో, సాధారణంగా బడి గదిలో, ఒక్క బోర్డుకు ఇరవై ఛార్జర్లు వేలాడుతుంటాయి. వాటి మధ్య దుప్పటి కింద, పిల్లల దిండు కింద పవర్ బ్యాంకు పెట్టడం చూస్తుంటాం. అది గచ్చు మీద, కనబడే చోట ఉండాలి. ఇల్లు చేరాక గోడలో తడి ఉండగా స్విచ్ బోర్డు జోలికి వెళ్లొద్దు, మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఆ మిగిలిన ఛార్జింగుతోనే సర్దుకోవాలి.

కొనేటప్పుడు

మన దేశంలో పవర్ బ్యాంకులకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు తప్పనిసరి. డబ్బా వెనక ‘ఆర్’ అక్షరం తర్వాత ఎనిమిది అంకెలు ఉండాలి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో కాదో తెలుస్తుంది. సంతలో, బస్టాండు దగ్గర 50000 ఎంఏహెచ్ అని అగ్గిపెట్టె ధరకు అమ్మే వాటిని చేత్తో పట్టుకుని చూడండి. 20000 ఎంఏహెచ్ నిజంగా ఉన్నదే మూడు వందల గ్రాములు దాటుతుంది. ఆ బరువు లేకుండా అంకె పెద్దదైతే ఆ అంకె అబద్ధం.

సీజన్ అయ్యాక సగం పైన ఛార్జింగ్ ఉంచి చల్లటి చోట పెట్టి, రెండు నెలలకోసారి చూసుకోండి. ఉబ్బిన దాన్ని కాలవలోకి విసరొద్దు, చెత్తలో వేసి తగలబెట్టొద్దు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీల్ని సేకరించే బాధ్యత తయారీదారులది. వాళ్లకో, ఈ-వ్యర్థాలు తీసుకునే వాళ్లకో ఇచ్చేదాకా ఇంటికి దూరంగా ఇసుక పోసిన మట్టికుండలో ఉంచండి.

గల్ఫ్ నుంచి వచ్చే బావగారి చేతో అన్నయ్య చేతో తెప్పించుకునేవాళ్లు ముందే ఒక మాట చెప్పాలి. విమానంలో పవర్ బ్యాంకు పెద్ద లగేజీలో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల దాకా, అంటే 27000 ఎంఏహెచ్ దాకా ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. 30000 అని రాసి ఉన్నది 111 వాట్ అవర్లు, విమాన సంస్థను ముందుగా అడక్కపోతే అక్కడే తీసి పక్కన పెట్టేస్తారు.