అడ్వాన్సు కట్టే ముందే గది చూడండి: చవక లాడ్జిలో రాత్రి గడపవలసినవారికి

బస్టాండు ఎదురుగానో, పెద్దాసుపత్రి వెనక సందులోనో, గుడి వీధి మలుపులోనో ఉండే చవక లాడ్జిల్లో దిగేవారిలో చాలామంది అక్కడికి ఇష్టపడి వెళ్లినవారు కారు. రోగికి తోడుగా వచ్చినవారు, పిల్లల చేత పరీక్ష రాయించడానికి తీసుకొచ్చినవారు, ఆఖరి బస్సు తప్పిపోయినవారు, పండగ రద్దీలో దేవస్థానం వసతి దొరకనివారు అక్కడ దిగుతారు. మంచి హోటలు చూసుకోండి అనే సలహా వీరికి ఉపయోగపడదు. ఉద్యోగరీత్యా చాలా ఏళ్లపాటు నెలకు పది పన్నెండు రాత్రులు ఇటువంటి గదుల్లో పడుకున్నవాణ్ణి కనుక, ఉన్నవాటిలో నయమైన గదిని ఎలా ఎంచుకోవాలో, తప్పనిసరై మురికి గదిలోనే ఉండవలసి వస్తే ఒంటికి హాని లేకుండా తెల్లవారేదాకా ఎలా గడపాలో రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైనది, డబ్బు ఇవ్వకముందే గది చూడటం. కౌంటరులోని మనిషి రిజిస్టరు ముందుకు జరిపి, ఆధార్ కాపీ తీసుకుని, అడ్వాన్సు లెక్కపెట్టుకున్న తరవాతనే తాళంచెవి ఇవ్వడం చాలాచోట్ల అలవాటు. ఆ అడ్వాన్సు సొరుగులో పడ్డాక మన మాటకు విలువ ఉండదు. అంతకుముందు మాత్రం ఉంటుంది, ఎందుకంటే పక్కనే మరో లాడ్జి ఉందని వారికీ తెలుసు. "గది ఒకసారి చూసి వస్తామండీ" అని మర్యాదగా అడిగితే సాధారణంగా బాయ్‌ని తోడిచ్చి పంపుతారు. చూపించం అన్నచోట దిగకపోవడమే మంచిది. సామాను దగ్గర ఒకరు కింద ఉండి మరొకరు పైకి వెళ్లాలి, ఎందుకంటే పెట్టెలన్నీ మూడో అంతస్తుకు మోసుకెళ్లిన తరవాత వద్దని దిగివచ్చే ఓపిక ఎవరికీ ఉండదు.

గదిలోకి అడుగుపెట్టగానే ఫ్యాను వేయనివ్వకుండా, తలుపు దగ్గరగా వేసి రెండు నిమిషాలు నిలబడండి. కలరా ఉండల ఘాటో, అప్పుడే కొట్టిన స్ప్రే వాసనో ముందు తగులుతుంది. దాని అడుగున ముక్కిపోయిన వాసన ఉంటే గోడకు చెమ్మ పట్టిందని అర్థం. ఉబ్బసం ఉన్నవారిని, పసిపిల్లలను చెమ్మ గదిలో పడుకోబెట్టకూడదు. దుప్పటి ఎంత తెల్లగా ఉన్నా సరే, అటువంటి గది మార్చమనే అడగాలి.

ఆ తరవాత మంచం. దీనికి ఎక్కువ సమయం ఇవ్వమని కోరుతున్నాను, ఎందుకంటే దుమ్మును తుడవవచ్చు, బక్కెట్టును కడగవచ్చు, నల్లులను మాత్రం ఒక్క రాత్రిలో ఏమీ చేయలేము. మా అమ్మాయి ప్రవేశ పరీక్ష ముందురోజు రాత్రి ఒక జిల్లా కేంద్రంలోని లాడ్జిలో దిగాము. ఉతికిన దుప్పటి, ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. అది చూసి తృప్తిపడి పడుకున్నాము. రాత్రి రెండు దాటాక అమ్మాయి లేచి కూర్చుని మెడ గోక్కుంటుంటే ఫోను లైటు వేసి చూశాను. చెవి కింద నుంచి భుజం వరకు ఎర్రటి దద్దుర్లు ఒక వరుసలో ఉన్నాయి. దిండు ఎత్తితే పరుపు అంచు కుట్టు వెంబడి మెంతిగింజలంత పురుగులు మూడు, నెత్తురు తాగి ఉబ్బి, వెలుతురుకు మెల్లగా లోపలికి జారుకుంటున్నాయి. మిగిలిన రాత్రి ఇద్దరం ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాము. మర్నాడు తను నిద్ర లేని కళ్లతో పరీక్ష హాలులోకి వెళ్లడం గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది. దుప్పటి ఎత్తి చూడటానికి పట్టేది రెండు నిమిషాలే.

కాబట్టి దుప్పటి పైన కాదు, దాని కింద చూడాలి. తలవైపు రెండు మూలల్లో దుప్పటి లాగి, పరుపు అంచున తాడులా కుట్టిన పట్టీని వేలితో వెనక్కి మడిచి, ఫోను లైటుతో కుట్టు పొడవునా చూడండి. పెన్ను మొనతో పెట్టినట్టు నల్లటి చుక్కలు గుంపుగా కనిపిస్తే అవి నల్లుల రెట్టలే. తడి గుడ్డతో తుడిస్తే ఆ చుక్కలు ఎర్రగోధుమ రంగు మరకలా అలుక్కుంటాయి. గోధుమ రంగు పొట్టు, పేనుగుడ్డులా తెల్లటి గుడ్లు, దుప్పటి మీద చిన్న నెత్తుటి మరకలు కూడా ఇదే చెబుతాయి. తరవాత మంచం తలపలకకూ గోడకూ మధ్య సందులో, ప్లైవుడ్ అతుకుల్లో, మేకు రంధ్రాల్లో లైటు వేసి చూడాలి. పగలు నల్లులు బయట తిరగవు, తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. అందుచేత "ఈ గదిలో వారం నుంచి ఎవరూ దిగలేదండి" అనే మాట మనకు భరోసా కాదు. ఒక గదిలో కనిపిస్తే ఆ గోడకు అవతలి గదిని కూడా వద్దనండి, అవి గోడ పగుళ్లలోంచి, వైరు పైపుల వెంట పక్క గదులకు పాకుతాయి. నల్లి కాటు వల్ల జబ్బులు అంటుకుంటాయనడానికి ఆధారం లేదు కనుక భయపడనక్కరలేదు. దురద, నిద్రలేమి, ఇంటికి మోసుకెళ్లడం, ఈ మూడే దాని వల్ల వచ్చే నష్టం.

బాత్రూములో పంపు తిప్పి నీళ్లు వస్తున్నాయో లేదో, ఫ్లష్ పనిచేస్తోందో లేదో, గదిలో ఉండగానే చూడాలి. చాలా రోజులుగా వాడని గదిలో పైపుల్లో నిలవ ఉన్న నీరు పోయేలా పంపు తిప్పి కొద్ది నిమిషాలు పారనివ్వండి. బక్కెట్టులో పాత నీళ్లు ఉంటే పారబోయించండి, డెంగీ దోమ పెరిగేది మురుగులో కాదు, అటువంటి నిలవ నీటిలోనే. ఎలక్ట్రిక్ గీజరు ఉంటే నీళ్లు కాగాక స్విచ్చి ఆపి, ఆ తరవాతనే స్నానానికి దిగాలి. పాత లాడ్జిల్లో ఎర్తింగ్ ఎలా ఉందో మనకు తెలియదు. గ్యాసు గీజరును బాత్రూము లోపలే బిగించి, వెంటిలేటరు మూసి ఉంటే ఆ వేడినీళ్ల మీద ఆశ పూర్తిగా వదులుకోండి. అది మండుతున్నప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, తల తిరుగుతోందని గ్రహించేలోపే మనిషి పడిపోతాడు.

గది నుంచి బయటకు రాగానే మెట్లు చూడండి. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో ఒక హోటలు కింది భాగంలోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచి, పొగ పై అంతస్తులకు ఎక్కడంతో 8 మంది చనిపోయారు. రెండో మెట్ల దారి ఉందా, దానికి తాళం వేశారా, పాత పరుపులు అడ్డం పెట్టారా అన్నది మురికి కంటే పెద్ద విషయం. వీలుంటే మొదటి అంతస్తులో, కిటికీ తెరుచుకునే గది అడగండి. లోపలి గడియ గట్టిగా పడుతోందో లేదో కూడా ఒకసారి వేసి చూసుకోవాలి.

ఇంత చూశాక కూడా వేరే దారి లేక ఆ గదిలోనే ఉండవలసి వచ్చిందనుకోండి. ఉతికిన దుప్పటి, దిండు గలీబు మన ఎదుటే మార్పించుకోవాలి. బాయ్‌తో గౌరవంగా మాట్లాడండి. చాలాచోట్ల ఒక్కడే రెండు అంతస్తులు ఊడ్చి, నీళ్లు మోసి, టీలు కూడా తెస్తుంటాడు, గది అలా ఉండటం అతని తప్పు కాదు. ప్రయాణం సంచిలో ఒక పాత కాటన్ చీర, ఒక తువ్వాలు, రబ్బరు చెప్పులు, సబ్బు, చిన్న సీసాలో ఫినాయిలు ఎప్పుడూ పెట్టుకోమని మా ఇంట్లో అందరికీ చెబుతాను. చీరను నాలుగు మడతలు వేసి దుప్పటి మీద పరిస్తే మన ఇంటి పక్కలో పడుకున్నట్టే ఉంటుంది. లాడ్జి తువ్వాలు వాడితే తామర అంటుకునే ప్రమాదం ఉంది, అది మాత్రం ముట్టవద్దు. బక్కెట్టును, మగ్గును సబ్బుతో రుద్ది, కాసిన్ని నీళ్లలో ఫినాయిలు కలిపి బాత్రూము నేల మీద పోస్తే పది నిమిషాల్లో అడుగు పెట్టగలిగేలా ఉంటుంది. తాగడానికి సీలు వేసిన సీసా నీళ్లే కొనుక్కోండి. మంచాన్ని గోడకు జానెడు దూరం జరిపి, దుప్పటి అంచులు నేలకు తగలకుండా పైకి మడవండి. సంచిని మంచం మీదా, కిందా కాకుండా కుర్చీ మీదో, గోడ మేకుకో ఉంచి, విప్పిన బట్టలను ప్లాస్టిక్ కవరులో ముడివేయండి.

చెప్పిన గదికీ ఇచ్చిన గదికీ పొంతన లేకపోతే ఊరుకోవద్దు. పరుపు, బాత్రూము ఫొటోలు అప్పుడే తీసి, కౌంటరులో చూపించి, గది మార్చమనో డబ్బు తిరిగి ఇమ్మనో అడగండి. వినకపోతే రసీదు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషనులో 5 లక్షల రూపాయల లోపు కేసుకు ఫీజు ఉండదు. లాడ్జికి ట్రేడ్ లైసెన్సు ఇచ్చేది మునిసిపాలిటీయే కనుక అక్కడి పారిశుద్ధ్య విభాగానికి కూడా ఒక కాగితం రాసి ఇవ్వండి. బస చేసే గదులను, కాలువలను, నీటి వనరులను శుభ్రంగా ఉంచడం నిర్వాహకుడి విధి అని 1867 నాటి సరాయిల (బాటసారుల సత్రాల) చట్టంలోనే ఉంది. మనం అడుగుతున్నది కొత్త కోరిక కాదు.

ఇంటికి చేరాక సంచిని పడకగదిలోకి తీసుకుపోకండి. వరండాలోనే తెరిచి, బట్టలన్నీ వేరు చేసి, 60 డిగ్రీలకు తగ్గని వేడినీళ్లలో నానబెట్టి ఉతకండి. ఉత్త ఎండలో ఆరేస్తే మడతల్లోని గుడ్లు చావకపోవచ్చు. ఖాళీ సంచి కుట్లు, జిప్పు పక్కలు, చక్రాల సందులు ఫోను లైటుతో చూసి, పాత బ్రష్షుతో దులిపి, రెండు వారాలు వరండాలోనే ఉంచండి. గుడ్లు పిల్లలయ్యేందుకు వారం పది రోజులు పడుతుంది కనుక, ఆ రెండు వారాల తరవాత మరొకసారి ఆ కుట్లన్నీ చూసి, అప్పుడు మాత్రమే సంచిని లోపలికి తీసుకురండి.