రాతిలో ఆకు కనిపించిందా? శేషాచలం నుంచి సత్యవేడు దాకా శిలాజాన్ని గుర్తుపట్టే పద్ధతి

తలకోన నడక నుంచి వచ్చిన మా మేనల్లుడు ఇంట్లోకి అడుగు పెడుతూనే ఫోన్ చూపించి "మామా, రాతిలో ఫెర్న్ ఆకు!" అన్నాడు. లేత గోధుమరంగు పలక మీద సన్నటి నల్లని కొమ్మలు, కొమ్మకు పిల్ల కొమ్మలు. ఆకును నొక్కి అచ్చు తీసినట్టే ఉంది. అయినా అది ఆకు కాదు.

అచ్చు చూడకముందే రాయి ఏ కొండదో అడగాలి. సగం సందేహం అక్కడే తీరిపోతుంది. తిరుమల, తలకోన కొండల్లో పైన కనిపించే రాయి క్వార్ట్‌జైట్. ఒకప్పటి ఇసుక పొరలే గట్టిపడి ఇలా అయ్యాయి. దీని వయసు 160 కోట్ల ఏళ్లు లేదా అంతకంటే ఎక్కువ. ఎముకలు, గవ్వలు ఉన్న జంతువులు పుట్టి 60 కోట్ల ఏళ్లు కూడా కాలేదు, నేల మీద మొక్కలు వాటి తరవాతే వచ్చాయి. ఈ పొరలు పేరుకునేనాటికి లోకంలో ఆకు అన్నదే లేదు. ఇక కింద ఉన్న గ్రానైట్ కరిగిన రాతిముద్ద చల్లారి గడ్డకట్టింది, అందులో శిలాజం ఉండే అవకాశమే లేదు. తిరుమల ఘాట్ రోడ్డులో ఈ రెండు రాళ్లూ కలిసే చోటు కనిపిస్తుంది. దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. ఈసారి కొండెక్కేటప్పుడు తప్పకుండా ఆగి చూడండి. ఆ ఒక్క గీత దగ్గర, కింది గ్రానైట్‌కూ పై పొరలకూ మధ్య కోట్ల ఏళ్ల చరిత్ర చెరిగిపోయింది.

సమస్య: నల్లని లేదా ఎర్రని ఆకు ఆకారం.
కారణం: రాతి పగుళ్లలోకి దిగిన నీళ్లు మాంగనీస్, ఇనుము ఖనిజాలను వదిలేసి ఆరిపోతాయి. ఆ ఖనిజం చెట్టు కొమ్మల్లా పాకుతుంది. దీన్ని డెండ్రైట్ అంటారు.
పరిష్కారం: పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం కొనుక్కోండి, జేబులో పడుతుంది. నిజమైన ఆకుకు సాధారణంగా నడి ఈనె ఉంటుంది, దాని నుంచి రెండు వైపులా ఒక వరసలో పక్క ఈనెలు పోతాయి, అంచు తెలుస్తుంది. డెండ్రైట్‌కు నడి ఈనె ఉండదు. పగులు అంచు దగ్గర మొదలై ఇష్టమొచ్చినట్టు చీలిపోతుంది. మా వాడి ఫొటోను పెద్దది చేసి చూస్తే కొమ్మలన్నీ ఒకే పగులు నుంచి బయలుదేరాయి, ఈనె ఒక్కటీ లేదు.

సమస్య: పక్కటెముకల్లా, పాము వెన్నులా వరస గీతలు.
కారణం: పాత సముద్రం ఒడ్డున ఇసుక మీద అలలు వేసిన మడతలు. తిరుమల కొండల రాతిపలకల మీద ఇవి బాగా కనిపిస్తాయి.
పరిష్కారం: గీతలు పలక పొడవునా సమాన దూరంలో సాగుతున్నాయా చూడండి. సాగితే అల గుర్తులే. శిలాజం కాదని వదిలేయకండి, మన కొండ ఒకప్పుడు నీటి కింద ఇసుక అనడానికి ఇంతకన్నా మంచి రుజువు లేదు.

సమస్య: గుడ్డులాంటి గుండ్రటి రాయి.
కారణం: చిత్తూరు వైపు గ్రానైట్ ఎండకూ వానకూ ఉల్లిపాయ పొరల్లా ఊడి గుండుగా మారుతుంది.
పరిష్కారం: లోపలా బయటా అవే గింజలు మెరుస్తుంటే అది గ్రానైటే.

సమస్య: పై పరీక్షలన్నీ చేశాక కూడా ఆకు ఆకులాగే ఉంది.
ఇప్పుడు నిజంగా ఆసక్తికరం. రాయి సత్యవేడు వైపు ఇసుకరాతి, మట్టిరాతి పొరల్లోదైతే అది నిజమైన శిలాజం అయ్యే అవకాశం ఉంది. అవి డైనోసార్లు తిరిగిన కాలపు పొరలు, 10 కోట్ల ఏళ్లకు పైబడినవి. సైకస్ (ఈతచెట్టులా కనిపించే తోట మొక్క) ఆకుల్ని పోలిన పొడవాటి ఆకుల అచ్చులు ఆ పొరల్లో దొరికాయి.

అక్కడ సుత్తి తీయకండి, రాయి కడగకండి. పక్కన పది రూపాయల నాణెం పెట్టండి, దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు కాబట్టి ఆకు కొలత తెలిసిపోతుంది. ఒక ఫొటో దగ్గర నుంచి, ఒకటి పొర మొత్తం కనపడేలా దూరం నుంచి తీయండి. మిట్టమధ్యాహ్నం ఎండలో అచ్చు మాయమైపోతుంది. ఉదయం గానీ సాయంత్రం గానీ ఏటవాలు వెలుగు పడినప్పుడు ఈనెలు తేలి కనిపిస్తాయి. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకోండి. ఎక్కడ దొరికిందో తెలియని శిలాజం గురించి నిపుణులు కూడా పెద్దగా చెప్పలేరు.

రాయిని మాత్రం అక్కడే ఉంచండి. శేషాచలంలో కొంత భాగం శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం, అందులోంచి ఏదీ తీసుకుపోకూడదు. మా మేనల్లుడు ఫొటో మాత్రమే తెచ్చాడు, నాకు అదే సంతోషం. మీ ఫొటోలు, లొకేషన్ పట్టుకుని తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భూవిజ్ఞాన విభాగంలో అడగండి.