తలనొప్పి, తగ్గే పక్కచూపు, తీరని దాహం: క్రేనియోఫారింజియోమా సమస్య - పరిష్కారం

సమస్య

తలనొప్పి వదలదు. పక్కనుంచి వచ్చే మనిషి కనబడక భుజం తగులుతుంటుంది. పిల్లలైతే ఎత్తు పెరగడం ఆగిపోతుంది, ఆడవాళ్లకు నెలసరి తప్పుతుంది. కొందరు రాత్రి పదేపదే మూత్రానికి లేచి, లేచినప్పుడల్లా నీళ్లు తాగుతారు. షుగర్ చూస్తే మామూలుగానే ఉంటుంది.

ఒక్కో ఇబ్బందికి ఒక్కో డాక్టరు దగ్గరికి వెళ్తే అసలు రోగం దొరకదు. తలనొప్పికి మైగ్రేన్ మాత్రలు, చూపుకు కళ్లజోడు, ఎత్తుకు ‘వంశమే పొట్టి’ అన్న ఓదార్పు... ఇలా ఏళ్లు గడిచిపోతాయి. వీటిలో రెండు కలిసి కనిపిస్తే అన్నీ ఒకే డాక్టరుకు చెప్పండి.

కారణం

వీటన్నిటి వెనక క్రేనియోఫారింజియోమా ఉండవచ్చు. మెదడు అడుగున ఉండి హార్మోన్లను నడిపే పిట్యూటరీ గ్రంథి దగ్గర పెరిగే అరుదైన గడ్డ ఇది. క్యాన్సర్ కాదు, కానీ చోటు చెడ్డది. కంటి నరాలు ఒకదాన్నొకటి దాటే చోట నొక్కితే రెండువైపులా పక్కచూపు పోతుంది. పిట్యూటరీ దెబ్బతింటే హార్మోన్లు తగ్గుతాయి; ఎత్తు ఆగేది, నెలసరి తప్పేది, మూత్రం, దాహం పెరిగేది అందుకే. మెదడులోని ద్రవం పారే దారి మూసుకుంటే తలలో నీరు చేరి, పొద్దున్నే వాంతులు మొదలవుతాయి.

నిర్ధారణ

ఎమ్మారైలో గడ్డ, దాని నీటితిత్తులు తెలుస్తాయి. సీటీ కూడా అడగడం ఊరికే కాదు: పిల్లల్లో వచ్చే రకంలో సున్నం పేరుకుంటుంది, అది సీటీలోనే బాగా కనబడుతుంది. తిత్తిలోని ద్రవం వాడేసిన ఇంజన్ ఆయిల్‌లా ఉండి, కొలెస్ట్రాల్ స్ఫటికాలతో మెరుస్తుంది. పక్కచూపు ఎంత ఉందో కొలిచే కంటి ఫీల్డ్ పరీక్ష, హార్మోన్ల రక్తపరీక్షలు తప్పనిసరి. కార్టిసాల్ (ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్), థైరాయిడ్ రెండూ తక్కువగా ఉంటే ముందు స్టెరాయిడ్ ఇవ్వాలి. థైరాయిడ్ మాత్ర ముందు మొదలెడితే ప్రాణం మీదికి రావచ్చు.

ఆపరేషన్

చాలామందికి ఇప్పుడు ముక్కులోంచి ఎండోస్కోప్‌తో చేస్తారు. గడ్డ పక్కలకు బాగా విస్తరిస్తే పుర్రె తెరవాలి. ‘మొత్తం తీసేశారా?’ అన్నదే ఇంట్లోవాళ్ల మొదటి ప్రశ్న. నన్నడిగితే ‘హైపోథాలమస్ క్షేమమేనా?’ అనేది అంతకంటే పెద్ద ప్రశ్న. పిట్యూటరీకి సరిగ్గా పైనుండే మెదడు భాగం అది, ఆకలిని అదుపు చేసేది అదే. దానికి అతుక్కున్న ముక్కను పట్టుబట్టి పీకితే, ఏ పథ్యానికీ లొంగని ఊబకాయం, మతిమరపు మిగలవచ్చు. అందుకే కొంత వదిలేసి రేడియేషన్ ఇవ్వడం చేతకానితనం కాదు.

పెద్దవాళ్లలో వచ్చే పాపిల్లరీ రకంలో బీరాఫ్ (BRAF) అనే జన్యువులో మార్పు ఉంటే మందు కూడా పనిచేస్తుంది. 2023లో వెలువడిన చిన్న మందు ప్రయోగంలో 16 మందిలో 15 మందికి గడ్డ బాగా తగ్గింది. కాబట్టి బయాప్సీ ముక్కకు బీరాఫ్ పరీక్ష చేయించమని అడగండి.

ఆపరేషన్ తర్వాత

మూత్రం ధారాళంగా పోతుంటే దాన్ని తగ్గించే డెస్మోప్రెసిన్ మందు ఇస్తారు. మూత్రం కొన్నాళ్లకు తగ్గితే నయమైందనుకోవద్దు. సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు, తర్వాత మూత్రం మళ్లీ పెరగనూవచ్చు. అందుకే అన్నిసార్లు రక్తం తీస్తారు. ముక్కులోంచి నీళ్లలాంటి ద్రవం కారితే, ముఖ్యంగా ముందుకు వంగినప్పుడు కారితే, అది మెదడు ద్రవం కావచ్చు, జలుబు అనుకోక వెంటనే చెప్పాలి.

స్టెరాయిడ్ మాత్రల మీద ఉన్నవాళ్లు జ్వరం వస్తే డాక్టరు రాసిచ్చినట్టు మోతాదు పెంచాలి. వాంతులై మాత్ర నిలవకపోతే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ చేయించుకుని, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.