పేరు గడి నింపే ముందు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా జిరాక్స్ షాపుకి వచ్చేవాళ్ళలో సగం మందికి ఫారాలు నింపేది నేనే. నా పెన్ను ఎక్కువసార్లు ఆగేది పేరు గడి దగ్గరే. మీకూ ఆ పని పడితే నా పద్ధతి ఇది.

ముందు ఇంటిపేరు ఏదో అడగండి. మనకది మొదట్లో ఉంటుంది, ఒడియా వాళ్ళకి చివర్లో. సాహు, బెహెరా, పట్నాయక్ అన్నీ అలాంటివే. బరంపురంలో 1894లో పుట్టి రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారి ఇంటిపేరు వరాహగిరి. లోకం మాత్రం చివరి ముక్క పట్టుకుని గిరి అంటోంది. చిన్నప్పుడు మా బడి రిజిస్టర్లో నాకు ఇంటిపేరే పేరుగా పడింది. మా పెదనాన్న కొడుకుదీ అదే తరగతి, వాడికీ అదే తప్పు. హాజరు పిలిస్తే ఇద్దరం కలిసి పలికేవాళ్ళం.

ఒడియాలో రాశాక పైకి చదివించి వినండి. వైకుంఠం అక్కడ బైకుంఠ, యశోద జసోద. అది ఆ భాష పలుకుబడి, తప్పేం కాదు. కానీ ఆ పలుకు పట్టుకుని ఇంగ్లీషు గడిలో బీతోనో జేతోనో మొదలెడితే ఆధార్‌తో కుదరక టెన్షన్. ఆధార్‌లో ఉన్న స్పెల్లింగే దించండి.

అర్థం అడగండి, నవ్వకండి. పెంటమ్మ అని వినగానే ఓసారి మా షాపులో కుర్రాడు కిసుక్కుమన్నాడు. నేనూ తక్కువ తినలేదు, పద్మ అని రాద్దామా అని అడగబోయాను. ఆ మామ్మ తలెత్తి, "నాకు ముందు ముగ్గురు పోనారు బావూ. పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకున్నారు నన్ను" అంది. చావు కన్ను పడకూడదని పెట్టే పేరది. ఒడియా రచయిత ఫకీర్ మోహన్ సేనాపతి కూడా మొదట బ్రజమోహనే. చిన్నప్పుడు జబ్బు చేస్తే నాయనమ్మ పీర్లకి మొక్కుకుంది. బతికాక ఫకీర్ అయ్యాడు.

కొరాపుట్ వైపు ఆదివాసీల పేర్లలో వారాలు దొరుకుతాయి. బుద్రా అంటే బుధవారం, సుక్రా అంటే శుక్రవారం. ఘానాలోనూ ఇదే ఆచారం. ఐక్యరాజ్యసమితిని నడిపిన కోఫీ అన్నన్ పేరులో కోఫీ అంటే శుక్రవారం పుట్టినవాడని. మన సుక్రాకి వరసకి అన్న!

అబ్దుల్ అని రాసి ఆగిపోకండి. అబ్ద్ అంటే దాసుడు. ఎవరి దాసుడో పక్క మాటలో ఉంటుంది, అబ్దుల్ రహమాన్‌లో లాగ.

చంటిపిల్లలకైతే పేరు తేలకపోయినా జననం 21 రోజుల్లో నమోదు చేయించండి. పేరు 12 నెలల దాకా ఫీజు లేకుండా చేర్చుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ళ వరకు ఫీజు కట్టి. మా మేనకోడలి పేరు తగువు పదో నెలలో తెమిలింది. సర్టిఫికెట్ వచ్చినా మా వదిన మాత్రం ఇప్పటికీ బుజ్జీ అనే పిలుస్తోంది.