తాగి బండి నడపడం గురించి పిల్లలకు ఎలా చెప్పాలి

ఇంటర్ చదివే పిల్లలకు "తాగి నడిపితే చస్తావ్" అంటే చెవికెక్కదు. కొలిచి చూపించండి.

ఆదివారం పొద్దున టేపు, సుద్దముక్క తీసుకుని అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోకి వెళ్ళండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అంత దూరం కొలిచి రెండు గీతలు గీయండి. మనిషిని చూసి బ్రేక్ నొక్కేలోపే బండి ఆ రెండో గీత దాకా వచ్చేస్తుంది. మందు వల్ల ఇంకో అర సెకను ఆలస్యమైతే మరో 8 మీటర్లు. అక్కడ మూడో గీత గీయించండి, పిల్లల చేతే.

మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ళ స్నానం, వేటితోనూ మత్తు దిగదు. గంటలు గడవాల్సిందే.

చట్టం కూడా చెప్పండి. తెలంగాణలో 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మకూడదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. లైసెన్సు లేని మైనర్ బండితో నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ళ వరకు జైలు. అలా పట్టుబడిన మైనర్‌కు 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు.

అన్నిటికన్నా ముఖ్యం ఈ ఒప్పందం: తాగినవాడి బండి వెనక కూర్చోవద్దు, ఎంత రాత్రయినా ఫోన్ చెయ్, వచ్చి తీసుకెళ్తాం. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: తీసుకొస్తూ దారంతా తిడతారు, మరోసారి ఫోన్ రాదు. మాట్లాడాల్సింది మర్నాడు, టిఫిన్ అయ్యాక. ఇక, ఫంక్షన్‌లో రెండు పెగ్గులు వేసుకున్న నాన్న ఆ రాత్రి క్యాబ్‌లోనే ఇంటికి రావాలి.