బడి కమిటీ ఎన్నిక సక్రమంగా జరపడం ఎలా?

ప్రభుత్వ బడుల్లో రెండేళ్లకోసారి పాఠశాల యాజమాన్య కమిటీకి ఎన్నిక జరగాలి. చాలా చోట్ల జరిగేది ఎన్నిక కాదు. ముందు రోజు రాత్రి రచ్చబండ దగ్గర పేర్లు ఖాయమవుతాయి. తెల్లారి వచ్చిన నలుగురి చేత సంతకాలు పెట్టించి, రిజిస్టరులో ‘ఏకగ్రీవం’ అని రాసేస్తారు. మర్నాడు ఎవరో మండల విద్యాధికారికి అర్జీ పెడతారు, ఎన్నిక మళ్లీ మొదటికొస్తుంది. నిబంధనలు అంత కష్టమైనవేమీ కావు. చదివే ఓపికే ఉండదు.

విద్యాహక్కు చట్టం 2009లోని సెక్షన్ 21 ఈ కమిటీకి ఆధారం. సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2011 మార్చిలో వచ్చిన జీవో 20 వివరాలు చెప్పింది: తరగతికి ముగ్గురు తల్లిదండ్రులు. అంటే అయిదు తరగతుల ప్రాథమిక పాఠశాలలో పదిహేను మంది, ఏడో తరగతి దాకా ఉంటే ఇరవై ఒక్కరు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 8న, తెలంగాణలో అదే ఏడాది జనవరిలో జరిగిన ఎన్నికలకు ఈ చట్రమే ఆధారం. ఎయిడ్ తీసుకోని ప్రైవేటు బడులకు ఇది వర్తించదు. మీ పిల్లలు అక్కడ చదువుతుంటే ఇక్కడితో ఆగిపోవచ్చు.

కావలసినవి

అడ్మిషన్ రిజిస్టరు, తరగతుల వారీ ఓటర్ల జాబితా, మినిట్స్ పుస్తకం (సమావేశంలో జరిగింది రాసుకునేది), తెల్లకాగితాల చీటీలు, బడి ముద్ర, స్టాంపు ప్యాడు, పెన్నులు, మూత ఉన్న డబ్బా ఒకటి, సుద్దముక్కలు. ఇంతే. షామియానా, మైకు, శాలువాలు అక్కర్లేదు. మైకు ఉంటే ఉపన్యాసాలు మొదలవుతాయి, మధ్యాహ్నానికి జనం పొలాలకు వెళ్లిపోతారు.

జాబితా, నోటీసు

ఒక బిడ్డకు ఒక ఓటు. తల్లి వేయొచ్చు, తండ్రి వేయొచ్చు, ఇద్దరూ కాదు. వాళ్లు బెంగళూరుకో గల్ఫ్‌కో వలసపోయి బిడ్డ అమ్మమ్మ దగ్గర పెరుగుతుంటే అమ్మమ్మే సంరక్షకురాలు, ఆమె పేరు జాబితాలో ఉండాలి. ‘తల్లిదండ్రులు కాదు కదా’ అని ఆమెను గేటు దగ్గర ఆపేయడం తప్పు. బిడ్డ ఎవరి సంరక్షణలో ఉంటే వాళ్లే సంరక్షకులని చట్టమే చెబుతోంది.

జాబితా రాసేటప్పుడు పాత హాజరు పట్టీ చూసి ఎత్తి రాయొద్దు. టీసీ తీసుకుని వెళ్లిపోయిన పిల్లల పేర్లు అందులో మిగిలే ఉంటాయి. ఎన్నిక చెల్లాలంటే సగం మంది తల్లిదండ్రులు హాజరవ్వాలి. లేని పిల్లల పేర్లు ఉంచితే ఆ సగం అనవసరంగా పెరుగుతుంది. ఇరవై నాలుగు మంది ఉన్న తరగతిలో నాలుగు పేర్లు దొంగవైతే పది మంది సరిపోయే చోట పన్నెండు మంది రావాలి. రెండో తప్పు దీనికి తలకిందులు: జూన్‌లో చేరిన పిల్లల పేర్లు మర్చిపోతారు. గొడవ పెట్టేది సరిగ్గా వాళ్ల తండ్రులే.

జాబితాను కనీసం మూడు రోజుల ముందు నోటీసు బోర్డు మీద పెట్టండి. నోటీసు కాగితం పిల్లల చేతికిచ్చి పంపి, ఇంట్లో పెద్దవాళ్ల సంతకంతో వెనక్కి తెప్పించండి. వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకుంటే నోటీసు ఇచ్చినట్టు కాదు. ఆ గ్రూపులో ఉండేది నాన్నల ఫోన్లు, ఓటుకు రావాల్సింది ఎక్కువగా అమ్మలు.

ఏ తరగతిలోనైనా ఆరుగురి కంటే తక్కువ పిల్లలు ఉంటే దాన్ని పక్క తరగతితో కలిపి, రెండింటికీ కలిపి ముగ్గురిని ఎన్నుకోవాలి. కలిపిన సంగతి నోటీసులోనే రాయండి. ఎన్నిక రోజు ఉదయం చెబితే ‘మా తరగతి ఎగ్గొట్టారు’ అంటారు.

ఒకే ఇంటి పిల్లలు రెండు మూడు తరగతుల్లో ఉంటే ప్రతి తరగతిలోనూ ఓటు ఉంటుంది, సభ్యత్వం మాత్రం ఒక్కచోటే. చిన్న తరగతి నుంచి నిలబడటమే సరైన పద్ధతి. అయిదో తరగతి బిడ్డ తరఫున గెలిచిన వాళ్ల పిల్లలు ఏప్రిల్‌లో బడి వదిలిపోతారు, దానితో సభ్యత్వమూ పోతుంది.

మూడు స్థానాలు: అసలు చిక్కంతా ఇక్కడే

అర్జీలన్నీ పుట్టేది ఈ దశలోనే. నెమ్మదిగా చదవండి.

ముగ్గురిలో ఒకరు అననుకూల వర్గం పిల్లల తల్లిదండ్రుల నుంచి రావాలి. ఎస్సీ, ఎస్టీ, అనాథలు, వలస పిల్లలు, వైకల్యం ఉన్న పిల్లలు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలు ఈ వర్గంలోకి వస్తారు. ఇంకొకరు బలహీన వర్గం నుంచి. బీసీలు, మైనారిటీలు, జీవో 20 ప్రకారం ఏడాదికి 60,000 రూపాయలకు మించని ఆదాయం ఉన్న ఓసీ కుటుంబాలు ఇందులోకి వస్తారు. మూడో స్థానం ఎవరికైనా. వీటన్నిటి మీద ఇంకో షరతు ఉంది: ముగ్గురిలో కనీసం ఇద్దరు మహిళలు.

అందరూ చేసే పొరపాటు ఒకటే. పోటీదారులందరినీ ఒకే వరసలో నిలబెట్టి, ఎక్కువ ఓట్లు వచ్చిన మొదటి ముగ్గురిని ప్రకటిస్తారు. ఇద్దరు మగవాళ్లు గెలుస్తారు, లేదా ముగ్గురూ ఒకే వర్గం వాళ్లవుతారు. అప్పుడు నిబంధన గుర్తొచ్చి, గెలిచిన మనిషిని పక్కకు జరిపి నాలుగో స్థానంలో ఉన్న ఆవిడను లోపలికి తెస్తారు. గెలిచినవాణ్ణి ఓడించాక ఆ ఊళ్లో ఇంకేం శాంతి ఉంటుంది?

సరైన దారి ఇది. ముగ్గురిని ఒకేసారి ఎన్నుకోవద్దు. మూడు విడి ఎన్నికలు పెట్టండి, వరస తప్పకుండా: ముందు అననుకూల వర్గం, తర్వాత బలహీన వర్గం, చివర అందరిదీ. బోర్డు మీద మూడు గడులు గీసి ఆ పేర్లు రాయండి. దాని కింద ఒకే వాక్యం రాయండి: ‘మగవాళ్లలో ఒకరు గెలిచాక మిగిలిన స్థానాలు మహిళలవే’. మొదటి స్థానంలో పురుషుడు గెలిస్తే రెండు, మూడు మహిళలకే. మొదటి రెండింట్లో మహిళలు గెలిస్తే మూడోదానికి ఎవరైనా పోటీ చేయొచ్చు. ఈ వాక్యాన్ని ఓటింగుకు ముందే గట్టిగా చదివి వినిపించాలి. మధ్యలో చెబితే అది నిబంధనలా వినిపించదు, కుట్రలా వినిపిస్తుంది.

నాలుగో తరగతిలో ఇరవై రెండు మంది పిల్లలున్నారనుకోండి. ఎనిమిది మంది ఎస్సీ, పది మంది బీసీ, నలుగురు ఓసీ. మొదటి స్థానానికి ఆ ఎనిమిది మంది తల్లిదండ్రుల్లోంచే పోటీ ఉంటుంది. కానీ ఓటు వేసేది ఇరవై రెండు ఇళ్లవాళ్లూ. ‘ఎస్సీ స్థానానికి ఎస్సీలే ఓటు వేయాలి, బీసీ స్థానానికి బీసీలే’ అని గదిలో జనాన్ని విడదీసి కూర్చోబెట్టే చోట్లు ఉన్నాయి. అలా చేయకూడదు. ముగ్గురూ ఆ తరగతి మొత్తానికి ప్రతినిధులు.

తరగతిలో ఎస్సీ, ఎస్టీ పిల్లలు లేరని మొదటి స్థానాన్ని చటుక్కున వదిలేయకండి. వైకల్యం ఉన్న బిడ్డ ఉందేమో, అమ్మానాన్నలు లేక మేనమామ దగ్గర పెరుగుతున్న పిల్లవాడు ఉన్నాడేమో జాబితా చూడండి. ఎవరూ లేకపోతే ఎన్నికకు ముందే మండల విద్యాధికారిని అడిగి, ఆయన చెప్పింది మినిట్స్‌లో రాసుకోండి. ఎన్నికైపోయాక అడిగితే మీరే ఏదో దాచినట్టు కనిపిస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఒక మనిషి రెండు షరతులు తీర్చొచ్చు: ఎస్సీ మహిళ అననుకూల వర్గం స్థానంలోనూ లెక్కకు వస్తుంది, ఇద్దరు మహిళల్లోనూ లెక్కకు వస్తుంది. కానీ ఒక మనిషి రెండు స్థానాలు నింపలేదు. వైకల్యం ఉన్న బీసీ బిడ్డ తల్లి మొదటి స్థానంలో గెలిస్తే, రెండోదానికి మళ్లీ వేరే మనిషిని ఎన్నుకోవాల్సిందే.

చేతులెత్తించాలా, చీటీలా?

నిబంధన చేతులెత్తడాన్ని ఒప్పుకుంటుంది. నోటితో ‘సరే’ అనిపించడాన్నీ ఒప్పుకుంటుంది. ఏకాభిప్రాయం కుదరనప్పుడే రహస్య ఓటు అంటుంది. నిబంధన ఏమన్నా సరే, ఒక స్థానానికి ఇద్దరు నిలబడ్డారంటే చీటీలే పెట్టండి. కూలికి పోయే ఇంటి ఆవిడ, తను పనిచేసే చేను ఆసామి భార్యకు ఎదురుగా చెయ్యి ఎత్తుతుందా? వడ్డీకి అప్పు తెచ్చుకున్నవాడు అప్పిచ్చినవాడి తమ్ముడికి వ్యతిరేకంగా లేస్తాడా? చేతులెత్తడం త్వరగా అయిపోతుందనే వాదన ఒకటుంది. పాతిక మందికి చీటీలు పంచి లెక్కపెట్టడానికి పావుగంట చాలు. అర్జీ మీద విచారణకు పట్టే కాలంతో పోల్చుకోండి.

చీటీ మీద పేర్లు రాయమనకండి. చదువు రానివాళ్లు పక్కవాళ్ల చేత రాయిస్తారు, రహస్యం అక్కడే పోతుంది. ప్రతి చీటీ మీద 1, 2, 3 అని అంకెలు, పక్కన చిన్న గడులు ముందే గీసి ఉంచండి. బోర్డు మీద అవే అంకెల ఎదురుగా పోటీదారుల పేర్లు రాసి, వాళ్లను అదే వరసలో నిలబెట్టండి. అంకె రానివాళ్లు కూడా ‘మొదట నిలబడినామెకు పై గడిలో’ అని గుర్తుపడతారు. చీటీ వెనక బడి ముద్ర, హెడ్‌మాస్టరు పొడి సంతకం ఉండాలి, లేకపోతే డబ్బాలో చీటీలు వచ్చినవాళ్ల కంటే ఎక్కువ తేలతాయి. రెండు గడుల్లో గీత పెట్టిన చీటీ చెల్లదని ముందే చెప్పండి. లెక్క అందరి ముందు, బోర్డు మీద గీతలు గీస్తూ. సమానంగా వస్తే ఇద్దరి పేర్లూ రాసి, ఒక పిల్లవాడి చేత చీటీ తీయించండి.

ప్రతి తరగతి వాళ్లనూ వేరే గదిలో కూర్చోబెట్టాలి. హాల్లో అందరినీ ఒకేచోట పెట్టి ‘ఇప్పుడు మూడో తరగతి, ఇప్పుడు నాలుగో తరగతి’ అంటే ఎవరు ఎవరికి వేస్తున్నారో తేలదు.

ఛైర్‌పర్సన్ ఎన్నిక

సభ్యులంతా ఎన్నికయ్యాక అదే రోజు మధ్యాహ్నం వాళ్లలోంచి ఒక ఛైర్‌పర్సన్, ఒక వైస్ ఛైర్‌పర్సన్. నిలబడేదీ ఓటు వేసేదీ ఎన్నికైన తల్లిదండ్రులే. హెడ్‌మాస్టరు కమిటీకి సభ్య కన్వీనరు, అంటే సమావేశాలు జరిపించే సభ్యుడు, ఓటరు కాదు. మరో టీచరు, వార్డు సభ్యుడు, అంగన్‌వాడీ కార్యకర్త, ఏఎన్‌ఎం, మహిళా సమాఖ్య అధ్యక్షురాలు హోదా రీత్యా సభ్యులు. వార్డు సభ్యుడు కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నంత మాత్రాన ఛైర్మన్ అవలేడు. సర్పంచి సమావేశానికి రావచ్చు, అంతవరకే.

ఈ ఛైర్‌పర్సన్, వైస్ ఛైర్‌పర్సన్‌లలో కనీసం ఒకరు మహిళ, కనీసం ఒకరు అననుకూల లేదా బలహీన వర్గం వాళ్లు అయి ఉండాలి. పై లెక్కే ఇక్కడా: ముందు ఛైర్‌పర్సన్‌ని ఎన్నుకోండి, పురుషుడు గెలిస్తే వైస్ ఛైర్‌పర్సన్‌కు మహిళలే పోటీ. దాతలు, పూర్వ విద్యార్థులు, విద్యావేత్తల నుంచి ఇద్దరిని కో-ఆప్ట్ చేసుకోవాలి, అంటే ఎన్నికైన సభ్యులే వాళ్లను కమిటీలోకి చేర్చుకోవాలి. ఛైర్‌పర్సన్ ఎన్నికలో ఆ ఇద్దరికీ ఓటు లేదు.

మహిళ గెలిస్తే ప్రమాణం ఆవిడే చేయాలి, సంతకం ఆవిడే పెట్టాలి. మినిట్స్‌లో భర్త సంతకం కనిపిస్తే ఆ తీర్మానం చిత్తు కాగితంతో సమానం.

ముగించేటప్పుడు

తరగతి వారీగా హాజరు సంఖ్య, పోటీదారుల పేర్లు, ఎవరికెన్ని ఓట్లు, గెలిచినవాళ్ల వర్గం, ఇవన్నీ మినిట్స్‌లో అదే రోజు రాయండి. చీటీలను తరగతి వారీగా కవర్లలో పెట్టి సీలు వేయండి. సగం మంది రాని తరగతి ఉంటే దాని ఎన్నికను వాయిదా వేసి, తేదీ అక్కడే ప్రకటించండి. రాని వాళ్ల ఇళ్లకు హాజరు పట్టీ పంపి సంతకాలు తెప్పించడం మోసం, దాన్ని కలుపుగోలుతనం అనకండి.

చివరిది, ఎక్కువ మంది మర్చిపోయేది: బ్యాంకు. బడి గ్రాంటు ఖాతా హెడ్‌మాస్టరు, ఛైర్‌పర్సన్ ఉమ్మడి సంతకాలతో నడుస్తుంది. మొదటి సమావేశంలోనే సంతకాల మార్పుకు తీర్మానం రాసి, దాని నకలు, కొత్త ఛైర్‌పర్సన్ ఫొటోలు, ఆధార్ తీసుకుని ఆ వారంలోనే ఆ ఛైర్‌పర్సన్‌తో కలిసి బ్యాంకుకు వెళ్లండి. ఇది చేయకపోతే సుద్దముక్కల డబ్బుకు కూడా పాత ఛైర్మన్ ఇంటి చుట్టూ తిరగాలి, ఆయన ఎన్నికలో ఓడిపోయి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.