ఇంట్లోనే కాంతి ప్రయోగాలు – 3: సగం మూసిన భూతద్దం

పోయిన పాఠంలో కిటికీ బయటి చెట్టు బొమ్మను గోడ మీద పట్టి, మీ భూతద్దం నాభ్యంతరం (ఆ బొమ్మ స్పష్టంగా పడినప్పుడు అద్దానికీ గోడకూ మధ్య దూరం) కొలిచారు కదా, ఆ అంకె దగ్గర పెట్టుకోండి. ఇక్కడ 10 సెం.మీ. అనుకుని లెక్క చెబుతాను. మీది 15 అయితే దూరాలన్నీ ఒకటిన్నర రెట్లు చేసుకోండి.

ముందు వస్తువు తయారు చేద్దాం. కొవ్వొత్తి వద్దు, మంట ఊగుతుంటే బొమ్మ ఎక్కడ స్పష్టంగా ఉందో తేలక విసుగొస్తుంది. నల్ల అట్టలో ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో ఒకటిన్నర సెం.మీ. ఎత్తు కంత కోయండి. దానికి ట్రేసింగ్ పేపర్ అంటించండి. అది లేకపోతే చుక్క నూనె రాసిన తెల్ల కాగితం చాలు. వెనక ఫోన్ టార్చి పెట్టండి. కాగితం మాత్రం మానకండి, దాని పని కాసేపట్లో చూస్తారు.

భూతద్దం పిడిని చపాతీ పిండి ముద్దలో గుచ్చితే కదలకుండా నిలబడుతుంది. కంత, కటకం (అంటే మన భూతద్దం) మధ్యభాగం, తెర (బొమ్మ పట్టే తెల్ల కాగితం) ఒకే ఎత్తులో ఉండాలి. గదిలో లైటు తీసేయండి.

కంతకూ తెరకూ మధ్య 45 సెం.మీ. ఉంచి, కటకాన్ని కంత దగ్గర్నుంచి తెర వైపు మెల్లగా జరపండి. 15 సెం.మీ. దగ్గర ఎల్ తలకిందులుగా, కుడిఎడమలు కూడా తారుమారై, రెండింతలుగా కనబడుతుంది. ఇంకా జరిపితే అలుక్కుపోయి, 30 దగ్గర మళ్లీ తేలుతుంది, ఈసారి సగం సైజులో. కటక సూత్రం 1/నాభ్యంతరం = 1/ప్రతిబింబ దూరం − 1/వస్తుదూరం (రెండూ కటకం నుంచి). ఇక్కడ 1/15 + 1/30 = 1/10, లెక్క సరిపోయింది. (సూత్రంలో ఉన్నది మైనస్ కదా అంటారా? వస్తుదూరం ఋణాత్మకం కాబట్టి అది ప్లస్ అయింది.)

కటకాన్ని మళ్లీ 15 దగ్గరికి తెచ్చి, పై సగాన్ని నల్ల కాగితంతో మూయండి. మూసేముందు ఏం జరుగుతుందో నోట్సులో రాయండి. ‘సగం బొమ్మ పోతుంది’ అనే చాలామంది రాస్తారు. కానీ ఎల్ మొత్తం అలాగే ఉంటుంది, వెలుగు మాత్రం తగ్గుతుంది. మనం పటంలో రెండు కిరణాలే గీస్తాం. అవి గీయడానికి తేలికని తప్ప, కాంతికి వాటి మీద ప్రత్యేక అభిమానమేమీ లేదు. వస్తువు మీది ఒక్కో బిందువు నుంచీ కాంతి కటకమంతటా పడుతుంది, కాబట్టి మిగిలిన సగమే బొమ్మంతా కట్టేస్తుంది.

ఇప్పుడు ట్రేసింగ్ పేపర్ పీకేసి, టార్చిని కంతకు సూటిగా 10 సెం.మీ. వెనక పెట్టి, పై సగాన్ని అలాగే మూసి ఉంచండి. బొమ్మలో కింది భాగం మాయం! కాగితం లేనప్పుడు ఎల్ పైభాగం గుండా వచ్చే కాంతి కటకం పైభాగానికే వెళుతుంది. ట్రేసింగ్ పేపర్ దాన్ని అన్ని వైపులకూ వెదజల్లుతోంది. మామూలు వస్తువులన్నీ చేసేదీ అదే.

వచ్చే పాఠంలోపు కంతకూ తెరకూ మధ్య 45 బదులు 38 సెం.మీ. పెట్టి, కటకాన్ని ఈ చివర్నుంచి ఆ చివరికి జరిపి, చూసింది రాసి ఉంచండి.